ఒక గది, రెండు మంచాలు

సెప్టెంబరు 7, శనివారం

పోయిన మా ఆయన, మేస్త్రి, రాసుకున్న పాత ఆర్డరు పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా మిగిలాయి. వాటిలోనే రాస్తున్నాను. అక్షరాల క్లాసులో పంతులమ్మ రోజూ రెండు ముక్కలైనా రాయమంది, రాయకపోతే వచ్చింది కూడా పోతుందని. పోతే పోయిందిలే అనుకున్నాను గానీ, ఇంట్లో చెప్పుకోడానికి మనిషేడీ? కొడుక్కి చెవులు లేవు. కోడలికి ఉన్నాయి, కాకపోతే అవి నాకోసం కావు.

ఇవాళ గుమ్మం దగ్గర నా కుర్చీ తీసేసింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అక్కడే కూచున్నాను. మేస్త్రి చెక్క కోస్తుంటే, వచ్చినవాళ్ళకి ధర నేనే చెప్పేదాన్ని. పెళ్ళికూతురి తండ్రి చెప్పులు చూసి చెప్పేదాన్ని. మా దమియెట్టా ఊరి సందుల్లో నా మాట మీద ఎన్ని పడకగది సెట్లు అమ్ముడుపోయాయో లెక్కలేదు. ఇప్పుడా చోట బల్ల వేసింది, దాని మీద కంప్యూటరు పెట్టింది.

"అత్తయ్యా, ఇకనుంచి ధరలు మీరు చెప్పకండి. అది చెప్తుంది."

"దానికి నోరుందా?"

"మీకున్నంత లేదు."

షాకిర్ నవ్వాడు. నా కడుపున పుట్టినవాడు నవ్వాడు.

సెప్టెంబరు 8

జిగురు కాచే స్టవ్వు ఆర్పానో లేదో. సందు చివరిదాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాను. ఆర్పే ఉంది.

సెప్టెంబరు 10, మంగళవారం

బుర్జ్ రేవు నుంచి హాజీ దసూకీ వచ్చాడు, కూతురు సమాహ్‌కి పడకగది చేయించడానికి. రెండు పడవలున్న మనిషి. పెళ్ళికొడుకు ఎవరనుకున్నారు, మా వాయిల్! నా చనిపోయిన చెల్లెలి కొడుకు. మా కొట్లోనే పాలిష్ పని నేర్చుకున్నాడు, మా అన్నం తిని పెరిగాడు. నేను కన్న కొడుకు కన్నా వాడే నయం. (షాకిర్‌కి ఈ పుస్తకం దొరక్కూడదు.)

హాజీ నన్ను చూసి, "షాకిర్ వాళ్ళమ్మా, నీ నోటి మాట చాలు నాకు. ఈ పెట్టెతో పనేంటి?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అంతలో మహాతల్లి అందుకుంది.

"నోటి మాట గాలికి పోతుంది హాజీ. కొటేషన్ కాగితం అయితే పదిహేను రోజులు మాట తప్పదు. చెప్పండి, ఏ చెక్క?"

బీచ్ చెట్టు చెక్క. బీరువాకి ఆరు తలుపులు. మంచం తలవైపు గుడ్డ ఏ రంగు, కాళ్ళు వంపువా తిన్ననివా, అద్దం గుండ్రమా కోలా. ఆయన చెప్తుంటే ఈవిడ టకటకా నొక్కుతోంది. ఒక్కో నొక్కుకీ ధర కిందికీ పైకీ పోతోంది, మా పిల్లి గోడమీద నడిచినట్టు. ఆఖర్న పక్కనున్న మిషను కాగితం కక్కింది. పైన మా కొట్టు పేరు, కింద ముద్ర, మధ్యలో వరుసలు.

"అబ్బో! నా పడవ కొన్నప్పుడు కూడా ఇంత రాయలేదు," అన్నాడు హాజీ. ముచ్చటపడి రెండుసార్లు తడిమాడు.

టీ ఇవ్వడానికి వంగినప్పుడు కాగితం నా కళ్ళ ముందే ఉంది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతాను, అందుకే నాకు ఏదీ తప్పిపోదు. పడకగది సెట్టు ఒకటి. దాని కింద మళ్ళీ బీరువా ఒకటి. మంచం ఒకటి. పక్క బల్లలు రెండు. అద్దం బల్ల ఒకటి. ధర మాత్రం పై వరుసకే ఉంది.

గది అంటే అవన్నీ కలిపే కదా. మేస్త్రి "ఒక గది" అని రాసి ఊరుకునేవాడు. ఇలా రాస్తే చదివేవాడు ఏమనుకోవాలి? ఒక గదీ, దాంతోపాటు ఇంకో గదీ అనుకోడూ?

నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ, హాజీ ముందు, పనివాళ్ళ ముందు, "అత్తయ్యా, కాగితం ముట్టుకోకండి, మీ చేతికి జిగురుంది," అంది.

నా చేతికి జిగురు లేదు. బెల్లం ఉంది.

తెరిచిన నోరు మూసుకున్నాను. నాకు చదువు రాదుగా. నేనేం చూడలేదు.

సెప్టెంబరు 14, శనివారం

ఇవాళ కొట్లో పెద్ద నవ్వులాట. ఆవిడ ఉత్పత్తి ఆర్డరు అని, ఏవి ఎన్ని కోయాలో ఉండే ఇంకో కాగితం తీస్తుంది. మూడు పెళ్ళిళ్ళ బీరువా పక్కలన్నీ ఒకే విడతలో కోస్తే చెక్క కలిసొస్తుందట. ఆ కాగితం చూసి షాకిర్ రంపం ఆపి అరిచాడు.

"ఏమే ఇనాస్, ఒక పెళ్ళికూతురికి రెండు మంచాలెందుకే? మొగుడితో పోట్లాడితే వేరే పడుకోడానికా?"

పనివాళ్ళు పొట్ట పట్టుకు నవ్వారు. వాయిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ కంప్యూటరు మీద వాలిపోయింది. బీచ్ చెక్క చాలదని అది పొద్దున్నుంచీ ఎర్రగా మొత్తుకుంటోందట. చూస్తే గదిని ఒకసారి, గదిలో వస్తువుల్ని మరోసారి లెక్కపెట్టింది. దిద్దింది. తలెత్తి నావైపే చూసింది.

"చూశారా అత్తయ్యా? మీ పుస్తకమైతే ఈ తప్పు దొరికేదా? రెండు మంచాలూ కోసేవాళ్ళం."

"మా పుస్తకమైతే ఆ తప్పు పుట్టేదే కాదు," అన్నాను.

కొట్లో తప్పు దిద్దుకుంది. హాజీ చేతికిచ్చిన కాగితం మాట ఆవిడకి గుర్తు రాలేదు.

నాకు గుర్తొచ్చింది.

సెప్టెంబరు 15

ఎందుకు చెప్పాలి? ముట్టుకోవద్దంది కదా. ఎప్పుడో ఒకరోజు హాజీ ఆ కాగితం పట్టుకొచ్చి "నా రెండో మంచమేదమ్మా?" అని అందరి ముందూ అడుగుతాడు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. అంతే. ఎవరికీ నష్టం లేదు. హాజీ నవ్వేసి పోతాడు. మంచి మనిషి.

షాకిర్ దగ్గు తగ్గలేదు. చెక్క పొడి వల్లే. లేకపోతే ఇంకేదన్నా అయి ఉంటుందా? వాళ్ళ నాన్నకీ ఇలాగే మొదలైంది.

సెప్టెంబరు 20, శుక్రవారం

ఏం రాయను.

హాజీ ఇంట్లో పెళ్ళి జాబితా రాశారు. పిల్లతో వచ్చే సామానంతా రాస్తారు, అదంతా నా దగ్గర భద్రంగా ఉందని పెళ్ళికొడుకు సంతకం పెడతాడు. తర్వాత అడిగినప్పుడు ఆ రాసింది చూపించలేక జైలుకి పోయిన మగాళ్ళు మా సందులోనే ఇద్దరున్నారు. పెళ్ళికొడుక్కి తల్లి లేదు కాబట్టి నేను వెళ్ళాను. మూడు కిలోల ముషబ్బక్ మిఠాయి పట్టుకెళ్ళాను. తీపి ఎక్కువైందో ఏమో, ఎవరూ రెండోసారి తీసుకోలేదు.

జాబితా రాసేది హాజీ తమ్ముడు. పడకగది దగ్గరకి రాగానే హాజీ జేబులోంచి మా కొట్టు కాగితం తీశాడు. "దీన్ని చూసి దించెయ్. ముద్ర కూడా ఉంది. ఇంతకన్నా పక్కా ఏముంది?" అన్నాడు. ఆయన దించేశాడు, ఒక్క వరుస వదలకుండా. పడకగది సెట్టు ఒకటి. బీరువా ఒకటి. మంచం ఒకటి. ధర లేని వరుసలకి తనే తలా ఒక ధర వేశాడు.

నేను వాకిలి పక్కన ఆడవాళ్ళలో ఉన్నాను. నాలుగు అడుగుల దూరం. ఆయన కలం కదులుతుంటే నాకు ఒక్కో అక్షరం కనిపిస్తోంది.

కాగితం వాయిల్ ముందుకొచ్చింది. వాడి బాబాయి గరీబ్ కళ్ళజోడు తీయబోయాడు. హాజీ నవ్వుతూనే అన్నాడు, "ఏం గరీబూ, పిల్లనే ఇస్తుంటే బల్లలు లెక్కపెడతావా?"

గరీబ్‌కి రోషం వచ్చింది. కళ్ళజోడు జేబులో పెట్టేశాడు. "మేం చదివేవాళ్ళం కాదు హాజీ. పరువు అప్పగించేవాణ్ణి సామాను అడగం. పెట్టరా వాయిల్ సంతకం!"

మా వాళ్ళలో చదివి సంతకం పెట్టేవాడు మగాడు కాడు. వాయిల్ చదవలేదు. పెట్టాడు. ఆడవాళ్ళు శుభానికి నాలుక తిప్పి కూత వేశారు. నేనూ వేశాను.

నేను లేచి ఆపితే ఏమనేవారు? పెళ్ళికొడుకు తరపు ముసలిది పీనాసిది, బల్లలు లెక్కపెట్టింది అనేవారు. సంబంధం చెడేది. ఆపకపోవడమే మంచిది. వాడి మంచికే ఊరుకున్నాను.

సెప్టెంబరు 21

వాడి మంచికే.

అక్టోబరు 3, గురువారం

వాయిల్ తన మంచానికి తనే పాలిష్ వేసుకుంటున్నాడు. చెప్పేద్దామని కాఫీ పట్టుకుని వెళ్ళాను.

"పెద్దమ్మా, ఇది పదకొండో పూత. మొహం చూసుకో, కనిపిస్తావు."

వంగి చూశాను. కనిపించాను. బాగోలేను.

"ఏంటి పెద్దమ్మా, ఏదో చెప్పాలనుకున్నావా?"

"పంచదార సరిపోయిందా అని."

ఇంట్లో కోడలు అడిగింది, రోజూ వాడి చుట్టూ ఎందుకు తిరుగుతున్నారని. నా చెల్లెలి కొడుకు, తిరుగుతాను, నీ అనుమతి కావాలా, కంప్యూటర్లో నొక్కాలా అన్నాను. చెంచా బల్లమీద విసిరి వెళ్ళిపోయింది. గెలిచాను. తిండి సహించలేదు.

అక్టోబరు 11

హాజీకి పడవలున్నాయి, చేపలున్నాయి, ఆ కాగితం ఎక్కడో ట్రంకు పెట్టెలో పడి ఉంటుంది. ఎవరు తీస్తారు? ఎవరూ తీయరు. గ్యాస్ బండ వాసన వస్తోంది, షాకిర్‌కి రావడం లేదట.

అక్టోబరు 20, ఆదివారం

తీశారు.

మధ్యాహ్నం సామాను లారీ వాయిల్ ఇంటికెళ్ళింది. డప్పులు, ఈలలు, వీధంతా జనం. సామాను పైకెక్కించాక, దింపుకున్నందుకు గుర్తుగా గరీబ్ చేతికి జాబితా నకలు ఇచ్చారు, ఒక్కోటీ టిక్కు పెట్టుకోమని. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదట నవ్వాడు. తర్వాత మళ్ళీ మొదట్నించి చదివాడు.

"హాజీ, గది ఒకటే వచ్చింది. రెండోది ఏది?"

"రెండోది ఏంటి?"

"నువ్వు రాయించిందేగా! సెట్టు ఒకటి, మళ్ళీ బీరువా ఒకటి, మంచం ఒకటి. మా వాడితో రెండు గదులకి సంతకం పెట్టించి ఒకటి దింపుతావా? రేపు లేని మంచం చూపించమని వీణ్ణి స్టేషనుకి లాగుతావా?"

మెట్లమీదున్న జనం ఆగిపోయారు. డప్పు కూడా. హాజీ మొహం ఉడికిన రొయ్యలా అయింది. ముప్పై ఏళ్ళు చేపల వేలంపాటలో తూకం తప్పని మనిషి ఆయన.

"నన్ను దొంగంటావా? నా పిల్లనిచ్చి, గదినిచ్చి, దొంగనా? పెళ్ళి లేదు! సంతకం పెట్టిన కాగితం నా దగ్గరే ఉంటుంది, ఏం పీక్కుంటారో పీక్కోండి!"

వాయిల్ ఇద్దరి మధ్యా నిలబడి ఇటూ అటూ చూస్తున్నాడు. వాడి చేతులకి ఇంకా పాలిష్ ఉంది.

గురువారం పెళ్ళి.

అక్టోబరు 21

ఇవాళంతా ఆవిడకీ షాకిర్‌కీ గొడవ. ఇద్దరూ వెళ్ళి హాజీకి కంప్యూటరు చూపించొచ్చారు. సెప్టెంబరు పద్నాలుగునే తప్పు దిద్దినట్టు అందులో ఉందట. హాజీ ఏమన్నాడో ఆవిడ చెప్తుంటే తలుపు వెనక విన్నాను.

"పెట్టె నీది, దిద్దింది నువ్వు. నిన్న రాత్రి దిద్దుకుని పాత తారీఖు వేశావేమో, నాకేం తెలుసు? ఇప్పుడు గుట్టుగా జాబితా మార్చానంటే రేవు రేవంతా ఏమంటుంది? దసూకీ దొరికిపోయాడు, సర్దేశాడు అంటుంది. సంతకానికి ముందే ఈ తప్పు తెలిసిన మనిషి ఒకరుంటే తీసుకురండి. సాక్షుల ముందు నిలబడి చెప్పమనండి. అప్పుడు నేనూ దొంగని కాను, గరీబూ పిచ్చివాడు కాడు. లేదంటే కాగితం కాగితమే."

"సంతకానికి ముందు ఎవరికి తెలుసు, ఎవరికీ తెలియదు," అని షాకిర్ తల పట్టుకున్నాడు.

ఆవిడ ఏడ్చింది. పెళ్ళైన ఆరేళ్ళలో మొదటిసారి విన్నాను. "నావల్లే. ఆ కాగితం వెనక్కి తెప్పించి ఉండాల్సింది. వాయిల్ జీవితం నావల్లే పోయింది."

నిజమే కదా. ఆవిడ వల్లే. కాగితం తీసింది ఆవిడ. ముట్టుకోవద్దంది ఆవిడ. నేను నెల రోజులుగా ఎదురుచూసిన మొహం ఇదే. తలుపు సందులోంచి చూశాను.

చూడలేకపోయాను.

అక్టోబరు 22, మంగళవారం

పొద్దున్నే మైక్రోబస్సెక్కి బుర్జ్ రేవుకి పోయాను. ఎవరికీ చెప్పలేదు. దారిలో మూడుచోట్ల దిగిపోదామనుకున్నాను. చక్కెర మాత్ర వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు.

హాజీ ఇంట్లో అప్పటికే మగాళ్ళంతా చేరి ఉన్నారు, పంచాయితీకి. గరీబ్, వాయిల్, జాబితా రాసిన తమ్ముడు. గోడవార షాకిర్, ఆవిడ, ఆవిడ ఒళ్ళో కంప్యూటరు. నన్ను చూసి షాకిర్, "అమ్మా, నువ్వెందుకొచ్చావ్? ఇంటికి పో," అన్నాడు.

"నేను చూశాను," అన్నాను.

"ఏం చూశావు?" హాజీ అడిగాడు.

"కాగితం. పోయిన నెల పదో తారీఖున, నీకు టీ ఇస్తూ. గది ఒకటి, దాని కింద మళ్ళీ మంచం ఒకటి. తప్పని అప్పుడే తెలుసు. ఇక్కడ నీ తమ్ముడు దించుతున్నప్పుడూ చూశాను."

హాజీ జాబితా విప్పి ఆ వరుస మీద వేలు పెట్టాడు. వంటింట్లో నీళ్ళు కాగుతున్న చప్పుడు.

"నీకు చదువొచ్చా?"

"వచ్చు."

"మరి నోరేమైంది?"

మంచి అబద్ధాలు నాలుగు దారిలో తయారు చేసుకునే వచ్చాను. చెవి వినపడదని. ఆడదాన్నని. సంబంధం చెడుతుందని. అప్పుడు వాయిల్ తలెత్తి నావైపు చూశాడు, వాడి పాలిష్‌లో నేను కనిపించినట్టే ఆ కళ్ళల్లోనూ కనిపించాను.

"కోడలి పరువు పోవాలని," అన్నాను.

హాజీ జాబితా మడిచాడు. "అమ్మా, నీ కోడలి పరువు తీయడానికి నా గడపే దొరికిందా నీకు?"

గరీబ్ లేచొచ్చి హాజీ తల ముద్దు పెట్టుకున్నాడు. హాజీ అతన్ని కూర్చోబెట్టాడు. అంతే, వాళ్ళిద్దరికీ తీరిపోయింది. పాత జాబితా నాలుగు ముక్కలు చేసి నా చేతిలో పెట్టాడు. "నీదే. దాచుకో."

కొత్తది రాశారు. వాయిల్ ముందుకి జరిపారు. ఈసారి వాడు కలం తీసుకోలేదు. కాగితం ఎత్తి పట్టుకుని, అందరి ముందూ, గట్టిగా చదివాడు. ఒక్కో వరుసకీ తలెత్తి నా మొహం చూశాడు.

"పడకగది సెట్టు ఒకటి. అంతే కదా పెద్దమ్మా?"

"అంతే."

"రాగి గిన్నెలు ఆరు. అంతే కదా పెద్దమ్మా?"

"అంతే నాయనా."

ముప్పై నాలుగు వరుసలు. అన్నిటికీ అడిగాడు. ఎవరూ ఆపలేదు. సంతకం పెట్టి, నా పక్కనుంచే బయటికి నడిచి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 24, గురువారం

పెళ్ళయింది. వెళ్ళాను. వాయిల్ నా చెయ్యి ముద్దు పెట్టుకోలేదు. వరసలో నా తర్వాతామెది పెట్టుకున్నాడు.

అక్టోబరు 26, శనివారం

ఆవిడ నాలుగు రోజులు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇవాళ పొద్దున గుమ్మం దగ్గరికి నా పాత కుర్చీ తెచ్చి, కంప్యూటరు ముందు వేసింది.

"కూర్చోండి."

"ఎందుకు?"

"మీ పేరు ఎక్కించాను. ఇకనుంచి ఏ కొటేషనూ, ఏ ఉత్పత్తి ఆర్డరూ ముందు మీ దగ్గరికే వస్తుంది. ఇదిగో ఇక్కడ 'చూశాను' అని ఉంది. మీరు అది నొక్కితే తప్ప ఏదీ బయటికి పోదు. ఎవరు ఎప్పుడు నొక్కారో కూడా ఉంటుంది. తర్వాత చూడలేదనడానికి కుదరదు."

"నాకు అంత చదువు రాదమ్మా."

"రెండు మంచాలు కనబడ్డ కళ్ళు చాలు."

షాకిర్ అడ్డం వచ్చాడు. "పోనీలేవే, పెద్దావిడ. కుర్చీ ఇచ్చావుగా, మర్యాదగా కూర్చోనీ."

"మర్యాద కాదు ఇది," అంది. "శిక్ష."

అక్టోబరు 28

ఏడు వచ్చాయి. కళ్ళు మండుతున్నాయి. ఒక్కోటీ వేలుపెట్టి చదివాను. నొక్కేముందు మళ్ళీ మొదట్నించీ చదివాను. తప్పు ఉంటే ఎవరింట్లో ఏ పెళ్ళి ఆగుతుందో. ముందు ఇలా ఎన్నిటికి ధర చెప్పానో, అప్పుడు ఒక్కసారీ మళ్ళీ చూసుకోలేదేం?

వాయిల్ పనిలోకి వచ్చాడు. షాకిర్ చేత కాఫీ పంపాను. తాగలేదు. కప్పు నా బల్లమీదే పెట్టి వెళ్ళాడు, చల్లారిపోయాక.

నవంబరు 2, శనివారం

రాస్ అల్-బర్ ఊరి డాక్టరుగారి బీరువా. తలుపులు ఆరు, పిడులు అయిదు. మూడుసార్లు లెక్కపెట్టాను.

ఆవిడ లోపల ఫోనులో ఎవరితోనో నా గురించే చెప్తోంది, "పాము పడగ కింద కాపరం" అని. గట్టిగానే, నాకు వినపడాలనే.

వేలు 'చూశాను' మీద ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అయిదు పిడులతోనే బయటికి పోతుంది. డాక్టరు అడుగుతాడు. ఆవిడ మొహం...

వేలు తీశాను.

"ఇనాస్! ఇలా రా. పిడి ఒకటి తక్కువైంది."